గాలికి తిరగని పిట్టలు

జనవరి 11

గాలోడా,

నాన్న పిలిచిన పేరుతోనే మొదలుపెడుతున్నాను, మొహం ముడుచుకోకు. ఫోన్ చేస్తే మూడో నిమిషానికి నువ్వు అరుస్తావు, నాలుగో నిమిషానికి నేను పెట్టేస్తాను. కాగితం మీదైతే అవతలివాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా ఆగక తప్పదు. నాన్న పోయి రెండు నెలలవుతోంది. ఈ రెండు నెలల్లో మనం మాట్లాడుకున్నదంతా కలిపినా ఒక పేజీ నిండదు.

ఇక్కడ మామూలే. పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఒక పిల్ల జవాబు రాసి, కింద "బహుశా" అని రాసింది. ఆ ఒక్క మాటకి మార్కు వెయ్యాలనిపించింది. మీ బావగారు నవ్వారు, "నీ కూతురు లాగుంది" అని.

అసలు సంగతికి వస్తున్నాను. నాన్న స్థానంలో పిట్టల్ని లెక్కపెట్టడానికి అటవీ శాఖ నుంచి ఒకావిడ వస్తోంది కదా, ఆమె ఈ నెల లెక్క నాకు పంపింది. ఇసుక తిన్నె మీద పొడుగు ముక్కు ఉల్లంకి పిట్టలు మొత్తం నలభై నాలుగు. పోయిన చలికాలం నాన్న లెక్కల్లో తొంభైకి అటూ ఇటూగా ఉండేవి. అది సరే, దూరం నుంచి ఎగిరొచ్చేవి, ఒక ఏడాది తక్కువ రావచ్చు. కానీ ఆమె కింద ఒక మాట రాసింది: "వీటిలో నాలుగే కదిలాయి. మిగిలినవి గాలి దిశ మారినా తిరగలేదు. కైట్ నెత్తి మీదుగా పోయినా లేవలేదు."

పోటు నిండినప్పుడు ఆ పిట్టలకు నిలబడేందుకు మిగిలేది ఆ ఇసుక తిన్నె ఒక్కటే. నిలబడినవి ముక్కు గాలికి ఎదురుగా పెట్టుకుంటాయి, ఈకలు రేగకుండా. గాలి తిరిగితే అన్నీ తిరుగుతాయి. ఇది నాకు పుస్తకాలు నేర్పింది కాదు, నాన్న నేర్పింది.

ఈ తీరం పక్షుల మీద కమిటీకి ఇచ్చిన నా రిపోర్టులో "ఈ తిన్నె మీది పక్షులు కైట్లకు అలవాటు పడ్డాయి" అని రాశాను. ఆ ఒక్క వాక్యం మీదే మీ కైట్ సర్ఫింగ్ స్కూలుకి అనుమతి వచ్చింది. మార్చి ఇరవైన కమిటీవాళ్లు దాన్ని శాశ్వతం చేస్తారట, నన్నొచ్చి చెప్పమన్నారు. రోజూ నువ్వు ఆ నీళ్ల మీదే ఉంటావు. ఏం చూస్తున్నావో నాకు రాయి.

అక్క


జనవరి 19

పంతులమ్మ అక్కకి,

నీ ఉత్తరం తడిసి చేరింది. పోస్టుమాన్ వచ్చేసరికి పోటు రోడ్డెక్కింది, పాపం పిక్కల దాకా నీళ్లలో నడిచాడు. "మీ అక్కగారిని ఇంకోసారి పడవతో సహా పంపమనండి" అన్నాడు. టీ ఇచ్చి శాంతింపజేశాం.

పిట్టలు కదల్లేదంటావు. నీ రిపోర్టు చదువుకునుంటాయి. అలవాటు పడ్డామని మేడమ్ రాసేసింది, ఇప్పుడు ఎగిరితే బాగోదని మొహమాటపడుతున్నాయేమో.

నేనేం చూస్తానక్కా? నడుముకి పన్నెండు మీటర్ల గాలిపటం గుడ్డ కట్టుకుని, కాళ్లకింద పలక పెట్టుకుని, పక్కన కొత్తగా నేర్చుకునేవాడు ఎక్కడ మునిగాడోనని చూసుకునేవాణ్ణి. ఎర్ర డబ్బాలు తేలే గీత దాటి మావాళ్లెవరూ పోరు. అంతవరకు నా పూచీ. ఆవిడది కొత్త చెయ్యి, పైగా ఈ నెలంతా మంచు. గట్టు మీద నుంచి అంత దూరం టెలిస్కోపులో చూస్తే మనిషికీ గుంజకీ తేడా తెలీదు.

నువ్వు డొంకతిరుగుడుగా అడిగేది నాకర్థమైంది. నాన్న కళ్లు మసకబారాయి, లెక్కలు తప్పు రాశాడు, అంతేగా? ఆయన బతికుండగా ఆ మాట ఆయన్నే అడగాల్సింది.

మీ మరదలు టీచరుద్యోగం మానేసి నా కౌంటర్లో కూర్చుందని నీకు తెలుసు. ఇరవై ఇద్దరు నేర్చుకుంటున్నారు. ఆ వైపున్నంత నికరమైన గాలి ఇంకెక్కడా లేదు. ఆ సంతకం పడకపోతే మేమిద్దరం గుడ్డలు మడతపెట్టుకోవడమే.

ఒకటి చెప్తా, నవ్వకు. మొన్న తాళ్లు పెట్టుకుందామని నాన్న కాపలా గదికి వెళ్లా. లోపల టిక్, టిక్. చేత్తో నొక్కే లెక్క మిషను ఉండేదే, అచ్చం అదే చప్పుడు.  వెతగ్గా వెతగ్గా పైన రేకుకి తీగొకటి కొట్టుకుంటోంది. కోసి పారేశా. మర్నాడు వెళ్తే చప్పుడు లేదు. ఉన్నప్పటికంటే లేనప్పుడే ఎక్కువ భయమేసింది.

తాళ్లు బయటే పెట్టుకున్నా.

తమ్ముడు


జనవరి 27

గాలోడా,

నాన్న కళ్ల గురించి నేనొక్క అక్షరం రాయలేదు. నా ఉత్తరం మళ్లీ చదువు. నేను అనుమానించేది ఆయన కళ్లని కాదు, నా కళ్లని.

నీకు చెప్పనిది ఒకటుంది. పోయిన ఫిబ్రవరిలో నేనొచ్చాను గుర్తుందా, రెండు రోజులకి? రిపోర్టు ముగించేముందు ఒక్కసారి స్వయంగా చూడాలనుకున్నాను. నాన్న టెలిస్కోపు సరిచేసి ఇచ్చి, తను బయట మెట్టు మీద కూర్చున్నాడు. పోటు నిండింది. తిన్నె మీద బారుగా పిట్టలు. నీ కైట్లు మూడు ఎర్ర డబ్బాల వెంబడి వస్తూ పోతూ ఉన్నాయి. వాటి నీడలు నీళ్ల మీద గద్ద నీడల్లా ఉన్నాయి. బారులో సగం పిట్టలు లేచి దూరంగా తిరిగి వాలాయి, మిగతా సగం కదల్లేదు. అవి ఎందుకు కదలవు? జబ్బా? అలసటా? కళ్లు నీళ్లు కారేదాకా చూశాను. అంతలో గాలి మళ్లింది. ఆ కదలని గుంపులో ఒక్కటి, నెమ్మదిగా, తల గాలివైపు తిప్పుకుంది. ఒక్కటే.

అది చాలనుకున్నాను. బతికున్నవే, బెదరడం మానేశాయి, అంతే అనుకున్నాను. బయటికొచ్చి "తిరిగింది నాన్నా, చూశాను" అన్నాను. ఆయన ఏదో అనబోయి, ఆపి, "చలిగా ఉంది, లోపలికి పద" అన్నాడు.

ఈ నెల రోజులుగా ఆ ఒక్క పిట్టే కళ్లలో తిరుగుతోంది. పాఠం చెబుతూ ఆగిపోతున్నాను. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు.

నాన్న లెక్కల పుస్తకాలు పోస్టులో పంపు. పోయిన వేసవిలో ఆ గదిలో కూర్చుని అంకెలు నేనే ఎక్కించుకున్నాను, పక్కన మంచం మీద ఆయన నిద్రపోతున్నాడు. ఒకటి రెండు చోట్ల అడగాలనిపించింది. లేపబుద్ధి కాలేదు.

అక్క


ఫిబ్రవరి 6

అక్కకి,

పుస్తకాలు పంపుతున్నా. దాంతోపాటు ఇది కూడా పంపుతున్నా. చదివాక చింపెయ్యమని రాయబోయా, నీ సంగతి తెలిసి మానుకున్నా.

అవి చెక్క పిట్టలు.

నేనే చేశా. విరిగిన బోర్డులు షెడ్డు నిండా ఉంటాయి కదా, వాటిని కోసి, చివర సన్న కర్ర ముక్కు పెట్టి, బూడిద రంగు కొట్టి, ఇనప చువ్వలకి దిగ్గొట్టా. నలభై. తిన్నె మీద ఏ నెలలోనూ ఎవరూ కాలుపెట్టకూడదు కాబట్టి దగ్గరికెళ్లి చూసేవాడెవడూ లేడు. పోయిన చలికాలం, డిసెంబరు మొదట్లో ఒకరోజు తెల్లారగట్ల, పోటు తీసినప్పుడు వెళ్లి పాతేసి వచ్చా.

ఎందుకంటే ఏం చెప్పను? అనుమతికి ముందు పరీక్షగా కైట్లు మొదలైన నెలకే సగం పిట్టలు పోయాయి. నాన్న గది నుంచి వచ్చి ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. కంచంలో వేలితో గీతలు గీసి లేచిపోయేవాడు. నన్నొక్క మాటనలేదు, అదే నాకు నరకం. నాలుగు తిట్టుంటే బాగుండు. ఎక్కడో విన్నా, చెక్కవి పెడితే వాటిని చూసి నిజమైనవి దిగుతాయని. దిగితే దిగుతాయి, లేకపోతే ఆ ముసలాయన కళ్లకైనా నాలుగు కనిపిస్తాయి అనుకున్నా. అవి పాతిన రోజు మధ్యాహ్నం వచ్చి, మీ మరదలితో కబుర్లు చెప్పి, రెండోసారి వడ్డించుకున్నాడు. నేను షెడ్డులోకెళ్లి ఏడ్చా.

నీ రిపోర్టు సంగతి అప్పుడు నాకు తట్టలేదు. తట్టినప్పుడు నోరు రాలేదు. అబద్ధం చెప్పను, అనుమతి వచ్చాక నోరు తెరవాలని కూడా అనిపించలేదు. ఆ తర్వాత అటువైపు చూడటమే మానేశా. ఏడాదిగా వాటి పక్కనుంచి పోతూ తల తిప్పుకునేవాణ్ణి. అవే నన్ను చూస్తున్నట్టుండేది.

మార్చి ఇరవై దాటనివ్వు. ఆ తర్వాత నేనే పీకేస్తా. బయటపెడితే నా సంగతి దేవుడెరుగు, ముప్పై ఏళ్లు కాపలా కాసిన మనిషి చెక్క బొమ్మల్ని లెక్కపెట్టాడని ఊరంతా నవ్వుతుంది. ఆయన్ని వదిలెయ్యి.

తమ్ముడు


ఫిబ్రవరి 16

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చిన రోజు సెలవు పెట్టాను. పుస్తకాలు బల్ల మీద పరిచి, సాయంత్రం దాకా ఊరికే చూస్తూ కూర్చున్నాను. ఆయన పెన్సిలు నొక్కి రాసేవాడు కదా, వెనక పేజీలో తడిమినా అంకె తెలుస్తుంది.

డిసెంబరు: 55. పక్కన 40, చుట్టూ గుండ్రంగా గీత. జనవరి: 49. పక్కన 40, చుట్టూ గీత. అలా చలికాలం చివరి దాకా.

మా డిపార్టుమెంటులో ఖాయం చేసుకున్న అంకె చుట్టూ గీత చుడతాం. నేనూ అలాగే అనుకున్నాను. గుంపుల్ని రెండుగా లెక్కపెట్టాడు, ఒకదాన్ని రెండుసార్లు సరిచూసుకున్నాడు అనుకుని, రెండూ కలిపేశాను. 95. 89. "సంఖ్యలో చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు" అని రాశాను. చిన్నప్పుడు మన లెక్కల నోటుబుక్కులు దిద్దేటప్పుడు ఆయన దేని చుట్టూ గీత చుట్టేవాడు? తప్పుల చుట్టూ. ఆయన కూతుర్ని, ఆ గీతలు తిన్నదాన్ని, నేనే మర్చిపోయాను.

నాన్న మోసపోలేదు. మొదటి రోజే కనిపెట్టాడు. ఎప్పటికప్పుడు వేరుగా రాశాడు. కాబట్టి ఊరు నవ్వవలసింది ఆయన్ని చూసి కాదు.

మరి ఆ మధ్యాహ్నం రెండోసారి ఎందుకు వడ్డించుకున్నాడంటావు? నీ కోసమా? షెడ్డులో నువ్వేం చేస్తున్నావో రోజూ చూస్తూనే ఉన్నాడేమో. నాకు తెలియదు. ఇకమీదట ఎవరమూ తెలుసుకోలేం.

ఇంకొకటి, ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. ఫిబ్రవరి మూడు నుంచి ఆ గీతలోపలి అంకె 40 కాదు, 41. నేను వచ్చింది తొమ్మిదిన. నువ్వు చేసినవి నలభయ్యేనా? గట్టిగా చెప్పగలవా? శాఖ ఆవిడ అనుమతి తీసుకుని, ఆమెను వెంటపెట్టుకుని తిన్నె మీదికి వెళ్లి చూసి రా.

రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నాను. నీతో చెప్పకుండా చెయ్యను, అందుకే రాస్తున్నాను. కానీ చేస్తాను.

అక్క


ఫిబ్రవరి 26

ప్రొఫెసరుగారికి,

చేస్తానని నిర్ణయించుకున్నాక నాతో చెప్పడమెందుకు? చేసుకో. మీ మరదలు ఏమందో కూడా రాస్తా, నీ పుస్తకానికి పనికొస్తుంది: "ఆవిడ తప్పు ఆవిడ దిద్దుకుంటోంది, మనది మనం మొయ్యాలి, అంతే కదా." తర్వాత రోజంతా నాతో మాట్లాడలేదు. నీకు జీతం ఆగదక్కా. మాకు గాలే జీతం.

శాఖ ఆవిడతో వెళ్లొచ్చా. వెళ్లేముందు ఆవిడతో అంతా చెప్పేశా. ఆవిడ తిడుతుందనుకున్నా. "ఆ గట్టు మీద కూర్చుంటే మెడ మీద వెంట్రుకలు లేస్తుంటే నాకేదో జబ్బనుకున్నానండీ" అంది.

నలభై నావి. ఇసుక కోసుకుపోయి కొన్ని పక్కకి ఒరిగాయి, రంగు పోయింది. వాటి మధ్యలో, నావాటికంటే చిన్నగా, ఒకటి. నాన్న గదిలో కుర్చీకి కుడిచెయ్యి విరిగిందని చెప్పేవాడు గుర్తుందా? విరగలేదు, కోసుకున్నాడు. దాంతోనే చెక్కాడు. రెక్క మీద ఈకలు కూడా గీశాడు, నాకు తట్టనే లేదు ఈకలు గీయాలని. చువ్వ మీద సైకిలు బేరింగు బిగించి, దానిమీద కూర్చోబెట్టాడు. వేలితో తాకితే తిరుగుతుంది. మేమక్కడ నిలబడి ఉండగానే గాలి మారింది. నావి నలభై అటే చూస్తున్నాయి. అదొక్కటి మావైపు తిరిగింది.

ఇసుకలో కూర్చుండిపోయా. ఎవర్నీ అడుగుపెట్టనివ్వని మనిషి, ఆ మోకాళ్లతో, ఆ చలి నీళ్లలో ఎప్పుడు వెళ్లాడు? నా పనితనం చూసి ఉండబట్టలేక వెళ్లాడా? పిట్ట అన్నాక గాలికి తిరగాలిరా వెధవా అని చెప్పడానికా?

ఇక దాచినా ఒకటే. నీ రిపోర్టు పుస్తకంగా వచ్చాక ఆయనకి నేనే చదివి వినిపించా. "అలవాటు పడ్డాయి" దగ్గర ఆపమన్నాడు. మళ్లీ చదవమన్నాడు. "అది గీతల్ని కలిపేసింది. దానికి చెప్పాలి" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "సీజను అయిపోనీ నాన్నా, చలికాలం వెళ్లాక చెబుదువుగాని" అన్నా. అది సెప్టెంబరు. నవంబరులో ఆయనే పోయాడు.

ఇప్పుడు రాయి నీ ఉత్తరం కమిటీకి. ఇదీ రాసుకో.

తమ్ముడు


మార్చి 8

తమ్ముడూ,

నువ్వు ఆపావని రాశావు. నువ్వు ఆపినా ఆయన ఆగలేదు. అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాడు. ఆయన పగలు ఫోన్ చేసే మనిషి కాదు. "క్లాసుందా అమ్మా?" అన్నాడు. నిజానికి ఇంకా పది నిమిషాలుంది. కానీ ఆ పూట చెప్పాల్సిన పాఠం సరిగా చూసుకోలేదు. "ఉంది నాన్నా" అన్నాను. "సరే, తీరిగ్గా మాట్లాడదాం" అన్నాడు. తర్వాత రెండుసార్లు నేను చేశాను. ఆరోగ్యం అడిగాను, మందులడిగాను. ఎందుకు చేశావని అడగలేదు. ఆ పది నిమిషాలు నన్ను వదలడం లేదు, రోజూ అదే వేళకి వచ్చి కూర్చుంటున్నాయి.

కాబట్టి నీ మీదికి ఏమీ తోసెయ్యను. కమిటీకి రాసింది ఇదే, చదువుకో: పక్షుల్ని లెక్కించే కాపలాదారు తన పుస్తకంలో నిజమైన పక్షుల్ని, చెక్కవాటిని వేరువేరుగా రాశాడు; ఎక్కించుకునేటప్పుడు నేను కలిపాను; కైట్లు మొదలయ్యాక నిజమైన పక్షుల సంఖ్య తొంభై ఆరు నుంచి ఈ జనవరికి మూడుకి పడింది. పిట్టలు బెదిరి లేచిన ప్రతిసారీ, ఖండాలు దాటే ప్రయాణానికి దాచుకున్న కొవ్వులో కొంత కరిగిపోతుందనీ రాశాను. చెక్కవి ఎవరు పెట్టారో రాయలేదు. అది నువ్వు చెప్పుకోవలసింది, చెప్పకపోయినా నేనడగను.

స్కూలు మూసెయ్యమని రాయలేదు. అక్టోబరు నుంచి ఏప్రిలు దాకా తిన్నె వైపు కైట్లు వద్దనీ, మిగతా నెలలు ఇప్పటిలాగే ఉండనివ్వమనీ, చలికాలంలో లోపలి నీటి పాయలో, ఆ కయ్యలో చోటివ్వమనీ రాశాను. అక్కడ గాలి సగమని తెలుసు. పిట్టల్నీ మిమ్మల్నీ ఒక్క నీళ్ల మీద ఉంచడానికి ఎంత దూరం సరిపోతుంది? కమిటీ అంకె అడుగుతుంది. ఒకసారి తెలిసినట్టు రాసి ఇంత చేశాను. ఈసారి తెలియదని రాశాను.

మరదలికి విడిగా ఉత్తరం రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. ఏం రాసినా దయ చూపిస్తున్నట్టుంది. ఆమె అన్నమాట నిజమని మాత్రం చెప్పు.

ఇరవైన నేను వస్తున్నాను. మీ ఇంట్లో దిగమంటే దిగుతాను, లేకపోతే గదిలో ఉంటాను.

అక్క


మార్చి 28

అక్కా,

నువ్వు బస్సెక్కిన రోజే రాద్దామనుకున్నా, కుదర్లేదు. గదిలో ఉంటానని బెదిరించినదానివి మా ఇంట్లో నాలుగు రోజులు నా మంచం మీద పడుకుని నా నడుం విరగ్గొట్టావు. మీ మరదలు "పంతులమ్మగారు మళ్లీ ఎప్పుడొస్తారట?" అంటోంది. వెటకారమో ఇష్టమో నాకే తేలడం లేదు. రెండూ అనుకో.

మీటింగులో నేను లేచి చెప్పినప్పుడు నువ్వు తలొంచుకుని ఉన్నావు, జనం మొహాలు చూళ్లేదు. పడవలవాళ్ల పెద్దాయన ఉన్నాడే, బయటికొచ్చాక నా భుజం మీద చెయ్యేసి "మీ నాన్న నా మీద రెండుసార్లు కేసు పెట్టించాడురా ఆ తిన్నె మీద కాలుపెట్టానని. ఆయన వెళ్లాడా? నిజంగా?" అని నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. ఊరు నవ్వుతుందని భయపడ్డా కదా. నవ్వింది. నేననుకున్నట్టు కాదు.

కాగితం చేతికొచ్చింది. నువ్వడిగినట్టే రాశారు, రెండేళ్లు చూసి మళ్లీ కూర్చుంటారట. కయ్యలోకి మారాం. ఇరవై ఇద్దరిలో తొమ్మిదిమందే మిగిలారు. గాలి లేనప్పుడు నీళ్ల మీద బోర్డులేసుకుని బాతుల్లా కూర్చుంటున్నారు. మీ మరదలు పాత స్కూల్లో అడిగింది, జూన్‌లో తీసుకుంటారేమో. ఎలా గట్టెక్కుతామో తెలీదు, కానీ నిద్రపడుతోంది.

శాఖ ఆవిడకి ఇంకో మూడు తీరాలు అప్పజెప్పారు. ఇక్కడికి ప్రతి పోటుకీ రాలేదు. "మీరు లెక్కపెడతారా?" అంది. "నన్ను నమ్ముతారా?" అన్నా. "నమ్మను, మధ్యమధ్యలో వచ్చి చూస్తాను" అంది. అలా అన్నందుకే ఒప్పుకున్నా.

చెక్కవన్నీ మొన్న పీకేశాం. ఇవాళ మొదటి లెక్క. పొద్దున్నే గదికి వెళ్లా. చెయ్యి లేని ఆ కుర్చీలోనే కూర్చున్నా. టెలిస్కోపు నా ఎత్తుకి సరిచెయ్యడానికి చాలాసేపు పట్టింది, ఆయన నాకంటే పొట్టి అని ఇన్నాళ్లూ నాకు తట్టలేదు. పోటు మెల్లగా ఎక్కింది. ఇసుక అంచులు మునిగాయి. నీళ్ల మీద ఒక్క కైటు లేదు, ఒక్క మనిషి లేడు. అంత నిశ్శబ్దంగా ఆ నీళ్లని నేనెప్పుడూ చూళ్లేదక్కా. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూశా. పోటు నిండాక కూడా ఇంకో గంట కూర్చున్నా, ఆలస్యంగా వస్తాయేమోనని.

తేదీ రాశా. గాలి ఏ దిక్కో రాశా. లెక్క దగ్గర పెన్సిలు ఆగిపోయింది. వెనక్కి తిప్పి చూశా, ముప్పై ఏళ్లలో ఆయన ఒక్కసారి కూడా ఆ అంకె రాయలేదు.

సున్నా.

రేపు పోటు ఇవాళ్టికంటే ముప్పావుగంట ఆలస్యం. పదకొండుకల్లా వెళ్తా.

తమ్ముడు